రాత్రి వీడియోలో రంగు సరిచేస్తుంటే చుక్కలెందుకు పెరుగుతాయి?

రాత్రిపూట తీసిన వీడియో కెమెరా వెనకున్న చిన్న తెర మీద బాగానే కనిపిస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాక "కాస్త వెలుతురు పెంచి, ఆ పసుపు తగ్గిస్తే చాలు" అనిపిస్తుంది. రెండు స్లైడర్లు జరిపేసరికి టెన్షన్ మొదలవుతుంది. నల్లగా ఉండాల్సిన మూలల్లో ఊదా రంగు తేలుతుంది. గోడ మీద చీమలు పాకుతున్నట్టు చుక్కలు కదులుతాయి. ఈ చుక్కల్నే నాయిస్ అంటారు. అవి పోవాలని నాయిస్ రిడక్షన్ వేస్తే, మొహం మైనం బొమ్మలా నున్నగా తయారవుతుంది. అన్నీ వెనక్కి తీసుకుంటే మళ్లీ అదే చీకటి, అదే పసుపు.

చాలామంది ఇక్కడే సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. నిజానికి అది చెప్పిన పని చెప్పినట్టే చేసింది. పెంచమన్న వెలుతురుతో పాటు అందులో కలిసి ఉన్న చెత్తనీ పెంచింది. ఆ రెండిటినీ విడదీయడం ఎందుకంత కష్టమో తెలియాలంటే కెమెరా లోపలి నుంచి మొదలుపెట్టాలి.

ఉదాహరణకి ఒక క్లిప్ తీసుకుందాం. వీధి దీపం కింద ఒకాయన నడిచి వస్తున్నాడు. ఒంటి మీద సన్నగళ్ల చొక్కా, వెనక బూడిద రంగు గోడ. సెకనుకు 25 ఫ్రేములు, 8 బిట్ ఫైలు. వ్యాసం అంతా ఈయనతోనే నడుద్దాం.

చినుకులూ బండలూ: నాయిస్ ఎక్కడ పుడుతుంది

వాన మొదలైనప్పుడు అరుగు బండలు చూడండి. ఒక బండ మీద మూడు చినుకులు పడతాయి, పక్కదాని మీద ఒకటి, ఆ పక్కదాని మీద అసలు పడవు. బండలన్నీ ఒకే సైజు, వానా ఒకటే. అయినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుండపోత మొదలయ్యాక మాత్రం అన్నీ ఒకేలా తడుస్తాయి.

కెమెరాలో కాంతిని పట్టే సెన్సర్ మీద కాంతి పడేదీ ఇలాగే. కాంతి ఫోటాన్లనే చిన్న తునకల రూపంలో వస్తుంది, అవి ఏ లెక్కా లేకుండా పడతాయి. ఒక పిక్సెల్ మీద సగటున 10,000 ఫోటాన్లు పడే చోట, ఆ లెక్క 100 అటూ ఇటూ ఊగుతుంది. అంటే ఒక శాతం, కంటికి ఆనదు. సగటున 100 మాత్రమే పడే చోట ఊగిసలాట 10. అది పది శాతం. పడిన సంఖ్యకి వర్గమూలం ఎంతో, ఊగిసలాట అంత. చీకట్లో చుక్కలు ఎక్కువగా కనిపించడానికి మొదటి కారణం ఇదే, ఇది ఏ కంపెనీ కెమెరాకైనా తప్పదు. దీని మీద సెన్సర్ నుంచి విలువలు చదివే సర్క్యూట్లు కలిపే చిన్న గోల ఒకటి ఉంటుంది. పగటి వెలుతురులో దాని ఊసే తెలియదు. గోడ నీడలో ఉన్నప్పుడు మాత్రం అది కూడా లెక్కలోకి వస్తుంది.

ఐఎస్ఓ, అంటే కెమెరాలో బొమ్మ వెలుతురు పెంచే సెట్టింగ్, పెంచితే నాయిస్ వస్తుందనే మాట ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది. ఐఎస్ఓ పెంచినంత మాత్రాన సెన్సర్ మీద ఒక్క ఫోటాన్ కూడా ఎక్కువ పడదు. పడినదాన్ని హెచ్చించడమే అది చేసే పని. వెలుతురు చాలకపోవడం అసలు జబ్బు, ఐఎస్ఓ దాన్ని బయటపెట్టే థర్మామీటర్. కొన్ని కెమెరాల్లో రెండు బేస్ ఐఎస్ఓలు, అంటే సెన్సర్ బాగా పనిచేసేలా అమర్చిన స్థాయిలు, ఉంటాయి. పానసోనిక్ వారికామ్ 35లో 800, 5000. సోనీ ఎఫ్ఎక్స్3లో ఎస్-లాగ్3 అనే రికార్డింగ్ పద్ధతి వాడితే 800, 12,800. రెండో బేస్ దగ్గర సర్క్యూట్ గోల తగ్గేలా ఏర్పాటు ఉంటుంది కాబట్టి, అలాంటి కెమెరాల్లో కొంచెం తక్కువ ఐఎస్ఓ కంటే ఆ పై బేస్ దగ్గరే బొమ్మ శుభ్రంగా రావచ్చు. తక్కువ ఐఎస్ఓ పెట్టి చీకటిగా తీసి, తర్వాత ఎడిటింగ్‌లో లేపుదామనుకునేవాళ్లకి ఈ సంగతి తెలిస్తే సగం బాధ తప్పుతుంది.

నీలం ఛానెల్ ముందు ఎందుకు పాడవుతుంది

దాదాపు అన్ని కెమెరాల్లో సెన్సర్ మీద బేయర్ ఫిల్టర్, అంటే ఒక్కో పిక్సెల్ మీదికి ఒక్కో రంగునే వదిలే జల్లెడ, ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికి 1976లో పేటెంట్ పొందారు. పిక్సెళ్లలో సగం ఆకుపచ్చకి, పావు వంతు ఎరుపుకి, పావు వంతు నీలానికి. కాబట్టి నీలం మొదటి నుంచీ మైనారిటీయే. పైగా రాత్రి వెలిగే పసుపు దీపాల్లో నీలం కాంతి బాగా తక్కువ. అందువల్ల నీలం పిక్సెళ్ల మీద పడేవి అరకొర చినుకులే.

ఇప్పుడు మన గోడని సరిచేద్దాం. లెక్క సులువుగా ఉండటానికి 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు అనుకుందాం. గోడ మీద ఒక ముక్క సగటు చూస్తే ఎరుపు 60, ఆకుపచ్చ 40, నీలం 20. మూడిట్లోనూ ఊగిసలాట 3 అనుకుందాం.

గోడ అసలు రంగు బూడిద కాబట్టి మూడూ సమానం కావాలి. ఆకుపచ్చని 40 దగ్గరే ఉంచి, ఎరుపుని మూడింట రెండు వంతులకి తగ్గిస్తాం, నీలాన్ని రెట్టింపు చేస్తాం. మూడూ 40 అయ్యాయి, పసుపు పోయింది. కానీ ఊగిసలాట చూడండి: ఎరుపులో 2, ఆకుపచ్చలో 3, నీలంలో 6. ఇప్పుడు వెలుతురు కోసం అన్నిటినీ రెట్టింపు చేస్తే సగటు 80. ఊగిసలాట వరసగా 4, 6, 12.

ఈ అంకెల్లో ఒక తమాషా ఉంది. నీలంలో మొదట 20కి 3, చివర 80కి 12. రెండూ పదిహేను శాతమే. అంటే కలర్ కరెక్షన్ కొత్తగా నాయిస్‌ని పుట్టించలేదు, ముందు నుంచీ చీకట్లో దాక్కున్నదాన్ని వెలుగులోకి లాగింది. ఒక పిక్సెల్‌లో నీలం 12 పైకి పోతే ఆ చుక్క నీలంగా, 12 కిందికి పోతే పసుపుగా కనిపిస్తుంది. గోడ మీద కదిలే రంగు చీమలు ఇవే.

మరి నల్లటి మూలల్లో ఊదా ఎక్కణ్నుంచి వచ్చింది? పూర్తి చీకట్లో సర్క్యూట్ గోల సున్నాకి పైకీ కిందికీ ఊగుతుంది. ఫైలు మాత్రం సున్నా కంటే తక్కువని దాచుకోలేదు. కింది సగం తెగిపోయి, పై సగమే మిగులుతుంది. దాంతో సున్నా కావాల్సిన సగటు కొంచెం పైకి లేస్తుంది. మామూలుగా వైట్ బ్యాలెన్స్ కోసం, అంటే తెల్లది తెల్లగా కనిపించడానికి, కెమెరా లోపలే సెన్సర్ విలువల్లో ఎరుపునీ నీలాన్నీ ఆకుపచ్చ కంటే ఎక్కువగా హెచ్చించాల్సి వస్తుంది. ఆ రెండూ ఎక్కువ లేస్తే వచ్చే రంగు ఊదా. కాబట్టి నీడలో తేలే ఊదా ఆ చోటు అసలు రంగు కాదు. తెగిపోయిన నాయిస్ వదిలిన మరక అది.

ఫైల్లోకి వచ్చేసరికి ఏం మిగులుతుంది

సెన్సర్ చూసిందంతా ఫైల్లోకి రాదు. 8 బిట్ ఫైల్లో ఒక్కో ఛానెల్‌కి 256 మెట్లు, 10 బిట్‌లో 1,024. పగటి దృశ్యం ఆ మెట్లన్నిటి మీదా పరుచుకుంటుంది. మన రాత్రి గోడంతా ఓ ముప్పై మెట్లలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని మూడు రెట్లు సాగదీస్తే తొంభై మెట్ల చోటు ఆక్రమిస్తుంది గానీ, లోపల అసలు విలువలు ముప్పయ్యే. మధ్యలో ఖాళీలు. నున్నగా మారాల్సిన నీడలో చారలు కనిపించేది ఇందుకే. లాగ్ అనే రికార్డింగ్ పద్ధతిలో తీస్తే అన్నీ బాగుంటాయని విని 8 బిట్ లాగ్‌లో రాత్రి తీసినవాళ్లకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఎక్కువ వెలుతురునీ ఎక్కువ చీకటినీ కలిపి పట్టుకోవడానికి లాగ్ విలువల్ని దగ్గరికి నొక్కుతుంది. రాత్రి దృశ్యానికి అందులో దక్కే వాటా చిన్నది, తర్వాత మామూలు కాంట్రాస్ట్‌కి తేవాలంటే సాగదీయక తప్పదు.

రంగు సమాచారం సంగతి ఇంకో మెట్టు కింద. 4:2:0 అనే పద్ధతిలో వెలుతురు విలువ ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు విలువ మాత్రం నాలుగు పిక్సెళ్లకి ఒకటి. అందుకే రంగు చుక్కలు ఇసుక రేణువుల్లా కాకుండా మచ్చల్లా కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కంప్రెషన్, అంటే ఫైలు సైజు తగ్గించడం. ఆ పని చేసే హెచ్.264 లాంటి కోడెక్ బొమ్మని చిన్న గడులుగా విడగొట్టి, పాత ఫ్రేములో ఉన్నది మళ్లీ రాయకుండా "అదే వాడుకో" అని చెబుతుంది. నాయిస్ ప్రతి ఫ్రేములోనూ మారుతుంది కాబట్టి కోడెక్‌కి అదంతా కొత్త సమాచారమే. ఉన్న బిట్‌రేట్, అంటే సెకనుకి రాయగలిగే సమాచారం, దానికే ఖర్చయిపోతుంది. చాలనప్పుడు చీకటి భాగాల్లోని చిన్న తేడాల్ని ముందుగా గాలికి వదిలేస్తుంది. ఫలితంగా చుక్కలు కొంత పోతాయి, వాటితో పాటు గోడ గరుకుదనం కూడా పోతుంది. మిగిలిన నాయిస్ ముద్దలు ముద్దలుగా కొన్ని ఫ్రేములు అక్కడే అతుక్కుని, ఉన్నట్టుండి ఒక్కసారి మారిపోతాయి. ఫ్రేము ఫ్రేముకీ ఆపి చూస్తే గోడ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది.

డీనాయిజ్ అంటే లోపల జరిగే పని

నాయిస్ తగ్గించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది టెంపోరల్. వరసగా వచ్చే ఫ్రేముల్లో ఒకే చోటు విలువలు తీసుకుని సగటు కడుతుంది. గోడ మారదు, నాయిస్ మారుతుంది కాబట్టి సగటులో గోడ నిలబడి నాయిస్ కరుగుతుంది. ఎంత కరుగుతుందో మళ్లీ ఆ వర్గమూలమే చెబుతుంది: 4 ఫ్రేములు కలిపితే సగం, 9 కలిపితే మూడో వంతు, 16 కలిపితే నాలుగో వంతు. మన గోడ నీలం ఛానెల్లో ఉన్న 12 నాలుగు ఫ్రేములతో 6కి దిగుతుంది.

అయితే మరి పదహారూ కలిపేస్తే పోలా? 25 ఫ్రేముల వీడియోలో 16 అంటే 0.64 సెకను. ఆపాటికి మన పాదచారి ఒక అడుగు ముందుకేసి ఉంటాడు. అలాగే కలిపితే ఆయన వెనక దెయ్యంలా పల్చటి నీడ సాగుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ కదలికని అంచనా వేసి, కదిలిన చోట సగటు కట్టడం తగ్గిస్తుంది. దాంతో గోడ శుభ్రంగా, నడిచే మనిషి చుక్కలతో మిగులుతాడు. ఇదీ ఇబ్బందే: ఒకే ఫ్రేములో రెండు వేరే కెమెరాలతో తీసినట్టుంటుంది.

ఇంకో చిక్కు ఉంది. వర్గమూలం లెక్క పనిచేయాలంటే ఒక ఫ్రేము నాయిస్‌కి ఇంకో ఫ్రేము నాయిస్‌తో సంబంధం ఉండకూడదు. కంప్రెషన్ అతికించిన ముద్దలు నాలుగైదు ఫ్రేముల పాటు అలాగే ఉంటాయని ఇందాక అనుకున్నాం. వాటి సగటు తీస్తే వచ్చేది అవే ముద్దలు. తక్కువ బిట్‌రేట్ ఫైళ్ల మీద ఎంత మంచి ప్లగిన్ వేసినా ఆశించిన ఫలితం రాకపోవడానికి ఇదే ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం.

రెండోది స్పేషియల్. ఒకే ఫ్రేములో పక్కపక్క పిక్సెళ్లని పోల్చి, చిన్న తేడాల్ని చదును చేస్తుంది. కదలికతో దీనికి పేచీ లేదు. కాకపోతే సన్నగళ్ల చొక్కా గీత ఏదో, నాయిస్ చుక్క ఏదో దీనికి తెలియదు. రెండూ చిన్న తేడాలే. మోతాదు మించితే గళ్లు చెరిగిపోయి చొక్కా అలికేసినట్టు అవుతుంది, చర్మం ప్లాస్టిక్ అవుతుంది.

కాస్త ఊరటనిచ్చే విషయం మన కంటి బలహీనత. వెలుతురు తేడాల్ని పట్టినంత సూక్ష్మంగా రంగు తేడాల్ని కన్ను పట్టదు. కాబట్టి రంగు నాయిస్‌ని, అంటే క్రోమాని, గట్టిగా తుడిచినా చొక్కా గళ్లు నిలబడతాయి. ల్యూమా నాయిస్‌ని, అంటే వెలుతురు చుక్కల్ని, కొంత వదిలేసినా అది ఫిల్ము గ్రెయిన్‌లా, పాత ఫిల్ము మీది సన్నటి రేణువుల్లా, అనిపిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ల్యూమా, క్రోమా స్లైడర్లు విడివిడిగా ఉండేది ఇందుకే. రెండిటినీ కలిపి ఒకేసారి లాగేవాళ్లు చేతికొచ్చిన ఈ వెసులుబాటుని వదులుకుంటున్నట్టే.

డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు పద్ధతులూ స్టూడియో వెర్షన్‌లోనే ఉన్నాయి, ఉచిత వెర్షన్‌లో లేవు. నీట్ వీడియో ప్లగిన్ క్లిప్‌లోంచి ఒక చదునైన ముక్కని చూసి ఆ కెమెరా నాయిస్ తీరుని నేర్చుకుంటుంది. ఖర్చు లేని దారి కావాలనుకునేవాళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని హెచ్‌క్యూడీఎన్3డీ, ఎన్ఎల్‌మీన్స్ ఫిల్టర్లు వాడుతుంటారు.

డీనాయిజ్ ముందా, రంగు ముందా

ఈ ఒక్క విషయం మీద ఎడిటర్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. రెండు వైపులా పస ఉంది.

ముందే డీనాయిజ్ చేయాలనేవాళ్ల వాదన ఇది: కెమెరా నుంచి వచ్చినప్పుడు నాయిస్‌కి ఒక తీరు ఉంటుంది. కర్వులు (వెలుతురు, రంగు స్థాయిల్ని మార్చే గీతలు) వేసి నీడల్ని లేపాక నీడల్లో నాయిస్ మూడు రెట్లయి, వెలుతురు భాగాల్లో అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఒకే సెట్టింగ్ ఫ్రేము మొత్తానికీ సరిపోదు. పైగా చర్మం రంగుని బట్టి మొహాన్ని ఎంచుకోవాలంటే, చుక్కలున్న బొమ్మలో ఆ ఎంపిక జల్లెడలా వస్తుంది. ఇంకో ప్రయోజనం వేగం. డీనాయిజ్ బరువైన పని. మొదటి నోడ్‌లో, అంటే వరసలో మొదటి మెట్టులో, ఉంటే ఫలితాన్ని ఒకసారి క్యాష్ చేసి (దాచిపెట్టి), తర్వాత రంగు ఎన్నిసార్లు మార్చినా దాన్ని మళ్లీ లెక్కకట్టాల్సిన అవసరం రాదు. చివర పెడితే దానికి ముందున్న ఏది కదిలించినా మొత్తం మొదటికొస్తుంది.

తర్వాతే చేయాలనేవాళ్లు చెప్పేది వేరు: పని మొదట్లో ఎంత నాయిస్ కనిపించబోతోందో ఎవరికి తెలుసు? చివరికి ఆ నీడలన్నిటినీ నల్లగా ముంచేయబోతున్నామనుకోండి. అక్కడి చుక్కలు ఎలాగూ కనిపించవు. ముందే గట్టిగా తుడిచేస్తే, కనిపించని చుక్కల కోసం కనిపించే చొక్కా గళ్లని పోగొట్టుకున్నట్టవుతుంది.

నాకు సబబుగా తోచేది ఈ రెండూ కలిసిన పద్ధతి, చాలామంది చేసేది కూడా అదే. డీనాయిజ్ నోడ్‌ని వరసలో మొదట పెడతారు, కానీ ఆపేసి ఉంచుతారు. రంగు పని పూర్తయ్యాక, చివరి బొమ్మని చూస్తూ దాన్ని ఆన్ చేసి మోతాదు నిర్ణయిస్తారు. బొమ్మ ప్రయాణంలో అది మొదటిది, మనిషి పనిలో చివరిది.

బొమ్మలోని వెలుతురునీ రంగునీ గ్రాఫుగా చూపే స్కోపులు ఇక్కడ బాగా పనికొస్తాయి. వెలుతురు ఎత్తుని చూపే వేవ్‌ఫాంలో చదునైన గోడ సన్నటి గీతలా రావాలి. నాయిస్ ఉంటే అది దూది పట్టీలా లావుగా వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్ని పక్కపక్కన విడివిడిగా చూపే ఆర్‌జీబీ పెరేడ్‌లో నీలం పట్టీ మిగతా రెండిటికంటే లావుగా ఉంటే పైన వేసిన లెక్క కళ్లెదుట కనిపిస్తున్నట్టే. డీనాయిజ్ చేశాక పట్టీ సన్నబడాలి, దాని ఎత్తు మాత్రం మారకూడదు.

రాత్రికి సరైన రంగు ఏది

ఇంతదాకా గోడని బూడిద రంగులోకి తేవాలనే అనుకున్నాం. తేవాలా వద్దా అన్నది వేరే చర్చ.

చీకట్లో మన కంటిలో రంగులు గుర్తించే కోన్ కణాలు వెనక్కి తగ్గి, రంగు తెలియని రాడ్ కణాలు పని అందుకుంటాయి. మసక వెలుతురులో ఎరుపులు నల్లబడి నీలాలు తేరినట్టు కనిపించడాన్ని యాన్ పుర్కిన్యే 1819లో గమనించాడు. నీడల్లో రంగు తగ్గించి, కొంచెం చల్లగా ఉంచితే చూసేవాళ్లకి రాత్రిలా అనిపించడానికి ఒక ఆధారం ఇక్కడుంది. ఎడిటర్‌కి ఇది రెండు విధాలా లాభం. వెలుతురు తగ్గేకొద్దీ శాచురేషన్ (రంగు గాఢత) తగ్గేలా కర్వు వేస్తే నీడల్లోని రంగు చుక్కలూ ఊదా మరకా దాదాపు మాయమవుతాయి. డీనాయిజ్ ముట్టుకోకుండానే సగం పని అయిపోతుంది.

దీనికి ఒప్పుకోనివాళ్లు అనేది: ఆ దీపం నిజంగా పసుపే, దాని కింద నడిచిన మనిషి నిజంగా అలాగే కనిపించాడు. దాన్ని చల్లబరచడం అబద్ధం. నీలాన్ని రెట్టింపు చేయకుండా, చొక్కా మీద కొంత వెచ్చదనం ఉంచేస్తే నాయిస్ కూడా తగ్గుతుందని వాళ్ల లెక్క. ఒకటిన్నర రెట్లతో ఆపితే మన గోడ నీలంలో 12కి బదులు 9. తేడా చిన్నదేమీ కాదు.

ఏ వాదనా పనిచేయని సందర్భం ఒకటుంది. లో ప్రెషర్ సోడియం దీపాల కాంతి దాదాపు మొత్తం 589 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది, అంటే ఒకే పసుపు. దాని కింద ఎర్ర చొక్కాకీ నీలం చొక్కాకీ తేడా ప్రకాశంలోనే. లేని రంగుని ఏ స్లైడరూ తేలేదు. అలాంటి క్లిప్‌ని నలుపు తెలుపులోకి మార్చడం ఓటమిలా అనిపించవచ్చు గానీ, అందులో ఉన్న సమాచారమంతా అంతే.

ఏఐ డీనాయిజ్ మీద ఉన్న పేచీ

2024లో వచ్చిన రిజాల్వ్ 19లో అల్ట్రాఎన్ఆర్ పేరుతో న్యూరల్, అంటే ఏఐతో నడిచే, పద్ధతి చేరింది. ఇలాంటి పద్ధతులు వేల బొమ్మల నుంచి "శుభ్రమైన బొమ్మ ఎలా ఉంటుందో" నేర్చుకుంటాయి. గళ్ల చొక్కాకీ చుక్కలకీ తేడా పాత స్పేషియల్ పద్ధతి కంటే చాలా మెరుగ్గా పట్టుకుంటాయి. అయితే సమాచారం లేని చోట అవి ఊహించి పూరించే అవకాశమూ ఉంది. కథా చిత్రానికి దానితో ఏ గొడవా లేదు. అదే రాత్రి నిఘా కెమెరా దృశ్యంలో మొహమో, వాహనం నంబరో చదవాల్సి వస్తే, తెరమీద కనిపించే అక్షరం కెమెరా చూసిందా, మోడల్ ఊహించిందా అన్నది పెద్ద ప్రశ్న. అలాంటి పనికి అసలు ఫైలుని తాకకుండా విడిగా ఉంచడం అందుకే.

శుభ్రం చేశాక మళ్లీ గ్రెయిన్ చల్లడం

కొత్తవాళ్లకి వింతగా అనిపించే చివరి మెట్టు ఇది. నాయిస్ పూర్తిగా పోయిన నీడల్లో ఆ 8 బిట్ మెట్లు చారలుగా బయటపడతాయి. ఇంతసేపూ చుక్కలే వాటిని కప్పి ఉంచాయి. కాబట్టి కొద్దిగా సన్నటి, రంగులేని గ్రెయిన్ మళ్లీ కలుపుతారు. చారలు చెదిరిపోతాయి, మొహం మీది ప్లాస్టిక్ నునుపు కూడా కొంత కప్పుకుపోతుంది. గోడకీ మనిషికీ మధ్య వచ్చిన తేడా కూడా ఈ గ్రెయిన్ కిందే సర్దుకుంటుంది.

దీన్ని అప్‌లోడ్ చేస్తే అక్కడ ఇంకోసారి కంప్రెస్ అవుతుంది, మనం ఏరి కలిపిన గ్రెయిన్‌లో చాలా భాగం కోడెక్ మళ్లీ మింగేస్తుంది. 2018లో వచ్చిన ఏవీ1 కోడెక్‌లో దీనికో ఏర్పాటు ఉంది. ఎన్‌కోడర్ గ్రెయిన్‌ని బొమ్మలోంచి తీసేసి, అది ఎలాంటిదో కొన్ని అంకెల్లో రాసి పంపవచ్చు. చూసేవాళ్ల ఫోన్‌లోనో టీవీలోనో డీకోడర్ ఆ అంకెలు చూసి, అలాంటి గ్రెయిన్‌నే కొత్తగా తయారుచేసి బొమ్మ మీద చల్లుతుంది. మనం నోడ్ మీద నోడ్ పేర్చి చేసిన పనినే కోడెక్ కూడా చేస్తోందన్నమాట: ముందు తుడవడం, తర్వాత చల్లడం.